మన బొంతలకూ ఒక ప్రదర్శన పెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం మా ఊళ్ళో పైడితల్లమ్మ సిరిమాను, దానికి అటూ ఇటూ విజయనగరం ఉత్సవాలు. ఆ రోజుల్లో ఊళ్ళో పూల ప్రదర్శనలని, చిత్రకళ అని, చేనేత స్టాళ్ళని ఏవేవో పెడతారు, అన్నీ బాగుంటాయి, నేను వీలైనంత వరకు ఏదీ వదలను. ఈసారి వాటితో పాటు బొంతలకి కూడా ఒక హాలు ఇవ్వమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. అమ్మడానికి కాదండీ, ఊరికే చూడడానికి. గోడలకి వేలాడదీసి, దగ్గరికి వెళ్ళి కుట్టు చూసుకునేలా, కుట్టిన మనిషి పేరు పక్కనే రాసి పెట్టాలి.

బొంతలకి ప్రదర్శనేమిటి అని చాలామందికి అనిపిస్తుందని తెలుసు. ఆమధ్య ఒక మేళా పెట్టేవాళ్ళకి ఫోన్ చేసి, మా వీధి ఆడవాళ్ళం కుట్టినవి రెండు రోజులు ఓ మూల పెట్టుకుంటాం అని అడిగితే, "పాత గుడ్డలు పెడితే స్టాళ్ళ వాల్యూ పడిపోద్దమ్మా" అని ఫోన్ పెట్టేశారు. చాలా బాధేసింది. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, ఆయన బొంత చూసినదంతా మంచం మీదో, గుమ్మంలో కాళ్ళ కిందో అయ్యుంటుంది. గోడ మీద చూసుంటే అలా అనేవారు కాదని నా గట్టి నమ్మకం.

నేను బొంతలు కుడతాను. ఉద్యోగం వేరే ఉంది, ఇది ఇష్టం కొద్దీ చేసే పని. రాత్రి భోజనాలయ్యాక, ఆదివారం మధ్యాహ్నం, కాస్త తీరిక దొరికితే చాలు ముక్కలు ముందేసుకుని కూర్చుంటాను. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం కుట్టడం కూడా కాదు, ముక్కలు నేల మీద పరిచి చూసుకోవడం. ఫ్యాను ఆపేయాలి, లేకపోతే అన్నీ ఎగిరిపోతాయి. ఎండాకాలంలో చెమటలు కారిపోతుంటాయి, అయినా ఫ్యాను వేయనివ్వను. ముదురు నీలం పక్కన పసుపు పెట్టి, నిలబడి చూసి, బాగాలేదని తీసి, అక్కడ ఇటుకరంగు పెట్టి, మళ్ళీ కుర్చీ ఎక్కి పైనుంచి చూసి, ఇలా ఎంతసేపైనా గడిచిపోతుంది. ఆఫీసు టెన్షన్లు, పిల్లల పరీక్షలు, ఇంటి లోను, ఏవీ గుర్తుండవు. రెండు రంగులు ఒకదాని పక్కన ఒకటి చేరగానే రెండూ మారిపోతాయి, విడిగా ఉన్నప్పుడు వెలిసిపోయినట్టున్న బూడిదరంగు కాస్తా ఎర్ర ముక్క పక్కకి చేరగానే వెండిలా మెరుస్తుంది. ఇది ఎవరో చెబితే తెలిసేది కాదు, చేత్తో పట్టుకుని పెట్టి చూడాల్సిందే.

గుడ్డ సంగతి కూడా చెప్పాలి. పాత నూలు చీరలో కూర్చునే చోటు ముందు పల్చబడుతుంది, పైట కొంగు, కుచ్చిళ్ళ దగ్గర మాత్రం గట్టిగానే ఉంటుంది, ఆ భాగాలే నాకు పనికొస్తాయి. ఇక మన ఇళ్ళల్లో ఎప్పటికీ తరగనిది జాకెట్టు ముక్కలు. పెళ్ళికి వెళ్తే ఒకటి, నోముకి వెళ్తే ఒకటి, బొట్టు పెట్టి చేతిలో పెడతారు, మనం బీరువాలో పెట్టి ఇంకొకరికి పెడతాం, ఆవిడ ఇంకొకరికి. అందులో సగానికి పైగా పాలిస్టరు, అవి సూది కింద జారిపోతాయి, ఒంటికి గాలి ఆడనివ్వవు. కానీ మధ్య మధ్యలో మంచి నూలు ముక్క దొరుకుతుంది చూడండి, ఆ రోజు నాకు పండగే. దర్జీ షాపులో మిగిలిపోయిన లైనింగు ముక్కలు, లుంగీల చివర్లు, చొక్కాల వీపు భాగాలు, ఏదీ పోనివ్వను. కొత్త గుడ్డయితే ముందు తడిపి ఆరేస్తాను, లేకపోతే కుట్టాక ఒక ముక్క కుంచించుకుని పక్క దాన్ని లాగేస్తుంది, ఎరుపయితే రంగు దిగి పక్కన ఉన్న తెలుపుని పాడుచేస్తుంది. పోగు నిలువుగా ఉండేలా కోయాలి, ఏటవాలుగా కోస్తే సాగుతుంది. అన్ని ముక్కలకీ పావు అంగుళం వదిలి కుట్టాలి, ఒక్క నూలు తేడా వచ్చినా పదో వరసకి వచ్చేసరికి మూలలు కలవవు. తర్వాత ముక్కలు కలిపిన పైగుడ్డ, మధ్యలో దూదో పాత దుప్పటో, కింద అస్తరు, మూడూ పరిచి టాకాలు వేసి, మధ్యలోంచి అంచుల వైపుకి కుట్టుకుంటూ పోతాను, అలా అయితే ముడతలన్నీ బయటికి వెళ్ళిపోతాయి.

ఇదంతా నాకు కొంత మా ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర వచ్చింది, కొంత యూట్యూబ్‌లో. కానీ కుడుతూనే ఉండాలన్న పట్టుదల మాత్రం ప్రదర్శనల వల్లే వచ్చింది, అందుకే వాటి గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి.

విశాఖపట్నం శిల్పారామంలో ఒకసారి బెంగాల్ నుంచి వచ్చిన వాళ్ళ స్టాలులో ఒక పాత కాంథా, అంటే వాళ్ళ బొంత, చూశాను. కొత్తవి అమ్మకానికి పెట్టారు, ఇది మాత్రం అమ్మేది కాదు, వెనకాల తాడుకి వేలాడదీసి ఉంది. తెల్ల చీరలు పొరలు పొరలుగా పెట్టి కుట్టింది. దగ్గరికి వెళ్ళి చూస్తే గుడ్డంతా చిన్న చిన్న అలలు లేచినట్టుంది, ఎందుకంటే పొడుగు కుట్టు కాదు, బియ్యపు గింజలో సగం కూడా ఉండని కుట్లు, ఒకదాని పక్కన ఒకటి వరసలుగా వెళ్ళి, ఆ దారం గుడ్డని కొంచెం కొంచెంగా లాగింది. అంచులో ఎరుపు, నీలం దారాలు చీర అంచుల్లోంచి పోగులు లాగి తీసినవట. కొత్త దారం కొనలేదు. స్టాలులో ఉన్న అమ్మాయిని వెనక్కి తిప్పి చూపించమని అడిగితే, వెనక కూడా ముందు లాగే ఉంది, ఎక్కడా ముడి కనబడలేదు. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో, మా ఆయన రెండుసార్లు టీ తాగి వచ్చారు. ఆ రోజు దాకా నాకు కుట్టు అంటే రెండు గుడ్డల్ని పట్టి ఉంచేది, అంతే. కుట్టే బొమ్మ అవుతుందని, కుట్టు వల్ల గుడ్డ మీద వెలుగునీడలు పడతాయని అక్కడే అర్థమైంది.

ఆ తర్వాత 2019 జనవరిలో చెన్నైలో ఇండియా క్విల్ట్ ఫెస్టివల్, అంటే బొంతల పండగ, పెట్టారని తెలిసి, సంక్రాంతికి మిగిల్చుకున్న సెలవులు పెట్టుకుని మెయిల్ ఎక్కి వెళ్ళాను. ట్రేడ్ సెంటర్ హాల్లోకి అడుగుపెట్టగానే కాసేపు మాట రాలేదు. ఎటు చూసినా నిలువెత్తు బొంతలు, పైనుంచి కిందికి వేలాడుతూ, వాటి మీద లైట్లు. మంచం మీద పరిచినప్పుడు బొంతని మనం ఎప్పుడూ ఏటవాలుగానే చూస్తాం, సగం మడతలో ఉంటుంది, దాని మీద దిండ్లుంటాయి. నిలబెట్టి చూస్తే అది వేరే వస్తువు. పది అడుగుల దూరం నుంచి ఒక బొమ్మ, అడుగు దూరం నుంచి ఇంకో బొమ్మ. ఒక చోట చీకటి రంగులన్నీ ఒక వైపు, వెలుగు రంగులన్నీ ఇంకో వైపు వచ్చేలా సన్నటి పట్టీలు మధ్య చదరం చుట్టూ కుట్టుకుంటూ వెళ్ళిన పద్ధతి చూశాను, దాన్ని లాగ్ క్యాబిన్ అంటారు. అలా కుట్టిన చదరాలు (బ్లాకులంటారు) నాలుగు ఒక తీరుగా తిప్పి కలిపితే వజ్రం ఆకారం వస్తుంది, ఇంకో తీరుగా కలిపితే మెట్లలా వస్తుంది, అవే ముక్కలు, అదే కోత. నోట్‌బుక్కులో ఎన్ని పేజీలు గీసుకున్నానో లెక్కలేదు. పక్కన నిలబడ్డ వాళ్ళెవరో కూడా తెలీదు, ఒకావిడ తమిళం, ఒకావిడ మరాఠీ, ఒకరి మాట ఒకరికి సరిగా రాకపోయినా వేలుతో చూపించుకుంటూ, "ఇక్కడ చూడు, ఈ మూల చూడు" అని మాట్లాడుకున్నాం.

ఇంటికొచ్చాక నేను వాళ్ళవి చూసి అచ్చం అలాగే కుట్టలేదు, ఆ అవసరమే రాలేదు. ధనుర్మాసంలో వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు వేస్తుంటే, ఈ గీతలన్నీ గళ్ళ కాగితం మీదికి ఎక్కిస్తే ఏమవుతుంది అనిపించింది. మెలికల ముగ్గు గుడ్డ ముక్కల్లో కుదరదు, వంపులు ఎక్కువ. కానీ చుక్కలు కలుపుతూ సూటి గీతలతో వేసే ముగ్గులు ఉన్నాయే, నక్షత్రాలు, పద్మాలు, రథాలు, అవన్నీ త్రికోణాలు, చదరాలే. రథం ముగ్గు ఒకటి అలా కుట్టాను, తెల్ల గుడ్డ మీద కాకుండా ఎర్రమట్టి రంగు మీద, అంటే అలికిన వాకిలి రంగు మీద. పక్కింటి మామ్మగారు చూసి, "ఏటి పాపా, ఇది కప్పుకుంటావా, పూజ సేసుకుంటావా" అన్నారు. ఆవిడకి ఎంత నచ్చిందంటే మరునాడు తన పెట్టెలోంచి మూడు పాత నేత చీరలు తెచ్చి నాకిచ్చి, వీటితో నీకు నచ్చింది కుట్టుకో అన్నారు. ఇప్పుడు పాత ఇళ్ళ నాటు పెంకుల వరసలు కుడుతున్నాను, క్విల్టుల్లో చేపపొలుసుల్లా అర్ధచంద్రాలు ఒకదాని మీద ఒకటి వచ్చే పద్ధతి ఒకటుంది, మన పెంకుటింటి కప్పుకి అది సరిగ్గా సరిపోయింది.

ప్రపంచంలో బొంతలకి ఇప్పుడు దొరుకుతున్న గౌరవం కూడా ప్రదర్శనలతోనే వచ్చిందని నేను చదివిన కొద్దీ తెలిసింది. న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం 1971లో పాత అమెరికన్ బొంతల్ని మంచాల మీంచి తీసి, చిత్రపటాల్ని పెట్టినట్టు గోడలకి పెట్టింది. అంతకు ముందు కూడా ఆ బొంతలు ఉన్నాయి, కుట్టినవాళ్ళు ఉన్నారు, ఆ ప్రదర్శన తర్వాత జనం చూపు మారింది. అలబామా రాష్ట్రంలో నది మలుపులో గీస్ బెండ్ అని ఒక చిన్న ఊరుంది, బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతి వాళ్ళుండే ఊరు. అక్కడి ఆడవాళ్ళు చలికి తట్టుకోవడానికి, పొలంలో పనికి వేసుకుని చిరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలు కోసి బొంతలు కుట్టుకునేవాళ్ళు. మోకాళ్ళ దగ్గర వెలిసిన రంగు కూడా అలాగే కనబడుతూ ఉంటుంది. 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం ఆ బొంతల్ని ప్రదర్శించింది, అక్కణ్ణించి విట్నీకి వెళ్ళాయి, 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద 10 స్టాంపులు వేసింది. కూలిపని చేసుకునే ఆడవాళ్ళ పాత గుడ్డలు తపాలా స్టాంపు మీదికెక్కాయి. మా మేళా పెద్దమనిషికి ఈ సంగతి ఎవరైనా చెప్తే బాగుణ్ణు.

ఆస్ట్రేలియాలో ఇంకొకటి ఉంది, రాజా క్విల్ట్ అంటారు. రాజా అనేది ఓడ పేరు. 1841లో ఇంగ్లండులో శిక్ష పడిన ఆడవాళ్ళని టాస్మేనియాకి తీసుకెళ్ళే ఆ ఓడలో, నెలల తరబడి సముద్రం మీద ఉన్నప్పుడు ఆ ఖైదీలు కుట్టిన బొంత అది. 2,815 ముక్కలు. దయగల ఆడవాళ్ళ సంఘం ఒకటి ఓడ ఎక్కేటప్పుడు వాళ్ళకి సూదులు, దారాలు, గుడ్డ ముక్కలు ఇచ్చిందట. కొన్ని చోట్ల కుట్టు చాలా నీటుగా, కొన్ని చోట్ల వంకరగా ఉంటుందని చదివాను, ఎవరికి ఎంత వస్తే అంత కుట్టారు కదా మరి. ఇప్పుడది కాన్‌బెర్రాలో జాతీయ చిత్రశాలలో ఉంది.

మన దేశపు బొంతల సంగతికి వస్తే, అమెరికాలో ఫిలడెల్ఫియాలో 2009లో ఒక పెద్ద మ్యూజియం బెంగాల్ కాంథాలకి విడిగా ప్రదర్శన పెట్టింది. 2023లో కాంథా కుట్టే ప్రీతికణా గోస్వామి గారికి పద్మశ్రీ వచ్చింది. పాత గుడ్డలు కలిపి కుట్టే బీహార్ సుజనీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే సిద్దీలు, ఆఫ్రికా మూలాలున్నవాళ్ళు, కవందీ అనే బొంతలు కుడతారు, అది నాకు భలే ఆశ్చర్యం, మేము మధ్యలోంచి బయటికి కుడితే వాళ్ళు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు, ముక్కలు ముందే కలిపి పెట్టుకోరు, కుడుతూనే పెట్టుకుంటూ పోతారు. నాలుగు మూలల్లోనూ రంగుల గుడ్డ మడిచి చిన్న పువ్వు పెడతారు, అది లేకపోతే బొంత పూర్తికానట్టే లెక్క. మన పక్క రాష్ట్రంలోనే, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే పిప్లీ అనే ఊరుంది, పూరీ రథాలకి కప్పే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు గుడ్డల పని వాళ్ళది. మనవాళ్ళు పూరీ వెళ్ళినప్పుడల్లా పిప్లీలో ఆగి గొడుగులు, తోరణాలు కొనుక్కొస్తారు. అదే ఇంట్లో అమ్మమ్మ కుట్టిన బొంతని మాత్రం ఎవరైనా వస్తే లోపల దాచేస్తారు.

ఇంకొక సంగతి, ఇది మన తెలుగువాళ్ళందరూ తెలుసుకోవాల్సింది. రెండు మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో, అమెరికాలో ధనవంతుల బొంతల మీద పూలు, పక్షులు ఎక్కడివి అనుకున్నారు? మచిలీపట్నం లాంటి మన కోస్తా రేవుల నుంచి ఓడల్లో వెళ్ళిన అద్దకం గుడ్డలవి. ఆ గుడ్డకి ఎంత గిరాకీ అంటే, అక్కడి నేతగాళ్ళ గొడవ పడలేక ఇంగ్లండు ప్రభుత్వం 1701లో దిగుమతిని, 1721లో అసలు వాడకాన్నే నిషేధించింది, 1774 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. దొరికిన కాస్త గుడ్డనీ పారేయలేక, దాని మీది పువ్వుల్ని, పక్షుల్ని చుట్టూ కత్తిరించి తెల్ల గుడ్డ మీద పెట్టి కుట్టుకునేవాళ్ళు. అలాంటివి ఇప్పటికీ వాళ్ళ మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి. ఆ ఊళ్ళ రంగు, ఆ ఊళ్ళ చేతులు అంత దూరం వెళ్ళి గోడలెక్కాయి. మా జిల్లాలకి వస్తే పొందూరు ఉంది, వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తిని దువ్వి, చేత్తో వడికి, అంత సన్నటి ఖద్దరు నేసే ఊరు ఇక్కడే ఉండగా, నూలుగుడ్డ విలువ ఏమిటో మనకి ఇంకొకరు చెప్పాలా?

మన ఇళ్ళల్లో ఉన్న బొంతల సంగతి చెప్తాను. మా అత్తగారి ఊరు చీపురుపల్లి దగ్గర. ఆవిడ కుట్టిన బొంత ఒకటి నా దగ్గరుంది. మధ్యలో మొత్తం నీలం చీరే, దాని చుట్టూ రెండు వరసల ముక్కలు, అంచుకి ఎర్ర పట్టీ. కుట్టు దబ్బనంతో, తెల్ల దారం రెండు పేటలు, వేలెడు దూరానికి ఒక వరస, చదరంలో చదరంగా లోపలికి వెళ్తుంది. ఒక మూల మాత్రం కుట్టు దిశ మారిపోయి ఏటవాలుగా ఉంటుంది. ఎందుకని అడిగితే, అక్కడ చీర చిరిగితే కింద ఇంకో పొర పెట్టాను, అది కదలకుండా అలా కుట్టాను అన్నారు. ఎవరూ నేర్పలేదు, ఆ చెయ్యి ఆలోచించి చేసింది. ఆ బొంతలో మా ఆయన స్కూలు చొక్కా ముక్క ఉంది, ఆవిడ పెళ్ళినాటి చీర అంచు ఉంది, మా మావగారి పంచె లోపల పొరగా ఉంది. ఒక్కో ముక్కా చూపించి ఇది ఎవరిది, ఎప్పటిది అని ఆవిడ చెప్తుంటే వినాలి.

ఇలాంటివి సాలూరు, బొబ్బిలి, పాలకొండ, టెక్కలి, పలాస, ఎక్కడ చూసినా ఇంటికొకటి ఉండేవి. పాడేరు, పార్వతీపురం వైపు చలి గట్టిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా మందంగా కుడతారు. పసిపిల్లల కోసం పల్చటి బొంతలు, ఎన్నోసార్లు ఉతికి మెత్తబడ్డ చీరలతో. బండిలో వేసుకోవడానికి గట్టివి. అయితే ఇవి ఎంత వేగంగా పోతున్నాయంటే నాకు నిజంగా భయమేస్తోంది. పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే వాళ్ళు వీధిలోకి రాగానే మంచి నూలు చీరలన్నీ ఒక టిఫిను డబ్బాకి వెళ్ళిపోతున్నాయి, అంటే బొంతకి కావలసిన సరుకే ఇంట్లో ఉండట్లేదు. బజారులో మూడు నాలుగు వందలకి మెత్తటి పాలిస్టరు దుప్పటి దొరుకుతోంది. ఇక భోగి రోజు తెల్లారగట్ల మా వీధి చివర మంటలో పిడకలు, పాత కుర్చీలు, వాటితో పాటు చుట్టి పడేసిన బొంతలు నేను స్వయంగా చూశాను. ఒకటి లాగబోయాను, అప్పటికే అంటుకుంది. ఎవరిని ఏమంటాం, పాతది పోవాలని వాళ్ళ ఆచారం వాళ్ళు చేసుకున్నారు. ఆ బొంత ఒక్కసారైనా గోడకెక్కి పదిమంది చేత బాగుందనిపించుకుని ఉంటే ఆ ఇంటివాళ్ళే దాన్ని మంటదాకా రానిచ్చేవారు కాదు.

అందుకే అమ్మకాలు వద్దంటున్నాను. నాకు అమ్ముకునేవాళ్ళ మీద కోపం లేదు, బతుకుతెరువు అది. కానీ ధర చీటీ ఉన్న చోట చూసేవాళ్ళ కళ్ళు ముందు చీటీ మీదికే పోతాయి, "ఇంతా, మిషను మీద కుట్టింది సగానికొస్తుంది కదా" అంటారు, కుట్టిన మనిషి తల దించుకుంటుంది. నెలలు పట్టే చేతి కుట్టుకి కూలి కట్టుకుంటే ఎవరూ కొనలేరు, బేరమాడితే కుట్టినవాళ్ళకి మిగలదు. ముందు చూడడం అలవాటు కావాలి. చూడడం వస్తే కొనేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు, నేర్చుకునేవాళ్ళు అంతకంటే ఎక్కువమంది వస్తారు. చెన్నైలో ఆ హాల్లోంచి బయటికొస్తూ నేను చేసిన మొదటి పని, దర్జీ సామాన్లమ్మే కొట్టు ఎక్కడుందో కనుక్కోవడం.

ఖర్చు పెద్దగా ఏమీ ఉండదు. ఆనందగజపతి ఆడిటోరియంలో గాని, మరే ప్రభుత్వ హాల్లో గాని రెండు రోజులు చోటిస్తే చాలు. బొంత వెనక పైఅంచున నాలుగంగుళాల వెడల్పు గొట్టంలా ఒక పట్టీ కుట్టి, అందులోంచి వెదురు కర్ర దూర్చి, కర్రకి తాడు కట్టి వేలాడదీస్తారు, ఎక్కడైనా అలాగే చేస్తారు. మేకులు, స్టేపిలర్ పిన్నులు గుడ్డకి కొట్టొద్దు, దయచేసి. ఎండ నేరుగా పడే కిటికీల పక్కన పెట్టొద్దు, రంగు వెలిసిపోతుంది. బాగా పాతవి, చిరుగుతున్నవి వేలాడదీయకుండా బల్ల మీద పరచాలి, బరువుకి కుట్లు తెగుతాయి. ముట్టుకోవాలని అందరికీ ఉంటుంది, నాకే ఉంటుంది, కాబట్టి ఒక బొంతని ముట్టుకోవడానికే విడిగా పెడితే సరిపోతుంది. వెనక వైపు చూడాలనుకునేవాళ్ళకి చేతికి తెల్ల గ్లౌజులు తొడుక్కున్న వాలంటీరు అంచు ఎత్తి చూపిస్తే బాగుంటుంది, డిగ్రీ కాలేజీ పిల్లలు సంతోషంగా చేస్తారు. ప్రతి బొంత పక్కన ఒక అట్ట మీద కుట్టినవాళ్ళ పేరు, ఊరు, ఎవరి కోసం కుట్టారు, ఏ గుడ్డలు వాడారు, అంతే. కుట్టినవాళ్ళు లేకపోతే ఇంట్లోవాళ్ళని అడిగి రాయాలి. ఇది మాత్రం తప్పనిసరిగా చేయాలి, ఎందుకంటే ఇన్నేళ్ళూ బొంతకి పేరు లేదు.

ఒక మూల కుట్టుకుంటూ కూర్చునేవాళ్ళు కూడా ఉండాలి. మా వీధిలో జూట్ మిల్లులో చేసి రిటైరైన బాబాయి గారొకరున్నారు, గోనె సంచులు కుట్టిన చెయ్యి అది, ఆయన దబ్బనం పట్టుకుంటే కుట్టు గీత గీసినట్టు వస్తుంది. మగవాళ్ళు కుట్టకూడదని ఎక్కడా లేదు, పిప్లీలో తరతరాలుగా కుట్టేది మగవాళ్ళే. పిల్లలకి నాలుగేసి చదరపు ముక్కలిచ్చి కలిపి కుట్టమంటే అరగంటలో నేర్చుకుంటారు.

శ్రీకాకుళం వాళ్ళు మాకంటే ముందే పెట్టేస్తే ఇంకా సంతోషం. రథసప్తమికి అరసవల్లి ఎంతమంది వస్తారో తెలుసు కదా, ఆ రోజుల్లో బాపూజీ కళామందిర్‌లో పెడితే పొందూరు ఖద్దరు, మన బొంతలు ఒకే చోట చూడొచ్చు.

మీ పత్రికని అడిగేది ఒకటే. జిల్లా ఎడిషన్లో వారానికొక బొంత ఫొటో వేయండి, దానితో కుట్టినవాళ్ళ నాలుగు మాటలు వేయండి. పాఠకుల్ని పంపమనండి. భోగికి ముందు వారమైతే ఇంకా మంచిది, పెట్టెలు, అటకలు సర్దేది అప్పుడే. అధికారులు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, మొదటి ఏడాదికి ముప్పై బొంతలు చాలు, అందులో మా వీధి నుంచే ఎనిమిది వస్తాయి, మా అత్తగారిది, నా ముగ్గు బొంత వాటిలో ఉంటాయి. వెదురు కర్రలు, తాళ్ళు మేమే తెచ్చుకుంటాం. హాలు ఖాయమైతే ఒక్క వారం ముందు చెప్పండి, గోడలు కొలుచుకోవడానికి టేపు పట్టుకుని వస్తాం.

ఇట్లు,
బొంతలు కుట్టే ఒక పాఠకురాలు,
కంటోన్మెంట్, విజయనగరం.